జడ నీడ

పద్నాలుగో ఫిల్మును లైటు పెట్టెకు తగిలించి, దశరథరామయ్య కళ్ళజోడును నుదుటి మీదికి తోసుకున్నాడు. ఫిల్ము ఇంకా తడిగానే ఉంది. కింది అంచు నుంచి ఒక్కొక్క చుక్కే జారి, బల్ల మీద పరిచిన పాత పేపరులోకి ఇంకుతోంది. పూర్తిగా ఆరాకే చూడాలని చదువుకునే రోజుల్లో చెప్పారు. అలా ఆగితే రెండు గంటల జగ్గయ్యపేట బస్సు ఆగదు. పొద్దున నందిగామ, సాయంత్రం జగ్గయ్యపేట, మధ్యలో బస్సులో ఓ కునుకు. పదిహేడేళ్ళుగా ఆయన బతుకు ఈ రెండూళ్ళ మధ్య ముప్ఫై కిలోమీటర్ల తారురోడ్డు మీద అటూ ఇటూ నలుగుతోంది.

ముందు మెడ ఎముకలు, తరవాత పక్కటెముకలు, ఆ తరవాత ఊపిరితిత్తులు, చివరికి గుండె. ఈ వరస ఆయన ఏనాడూ తప్పలేదు. కాకపోతే ఒకప్పుడు ఒక్కో ఫిల్ము ముందు పది నిమిషాలు కూచునేవాడు, ఇప్పుడు నిమిషంన్నర చాలు. ‘నార్మల్’ అని రాసి, సంతకం గీకి, ఫిల్మును మళ్ళీ హ్యాంగరుకు తగిలించాడు. అది ఎవరిదో చూడలేదు. చీటీ మీద పేరూ ఊరూ ఉంటాయి, వయసుంటుంది, ఆడో మగో రాసి ఉంటుంది. అంతకు మించి ఆయనకు అక్కర్లేదు. రోగులు పరదాకు అవతల బెంచీ మీద కూచుంటారు, ఆయన ఇవతల కూచుంటాడు. ఆ పరదా ఎత్తి అవతలికి చూడాల్సిన పని ఆయనకెప్పుడూ పడలేదు.

సన్నటి మనిషి. యాభై ఆరేళ్ళు. చీకట్లోంచి వెలుతురులోకి, వెలుతురులోంచి చీకట్లోకి తిరిగి తిరిగి కళ్ళ కింద చర్మం జారిపోయింది. చొక్కా ఎంత ఉతికినా ఫిల్ములు కడిగే మందునీళ్ళ పుల్లటి వాసన వదలదు. పెళ్ళైన కొత్తలో ఆండాళమ్మ ఆ వాసనకు ముక్కు మూసుకునేది. ఇప్పుడు ఎప్పుడైనా అది లేకపోతే, ఒంట్లో బాగాలేక పనికి వెళ్ళలేదా అని అడుగుతుంది.

జగ్గయ్యపేటలో వాళ్ళ నాన్నది మిర్చి కొట్టు. కొడుక్కి డాక్టరు సీటొచ్చిందని కొట్టు ముందు పందిరి వేయించి, వచ్చేపోయేవాళ్ళందరికీ బూందీ పంచాడు. తీరా చదువు పూర్తయ్యాక, ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, నాడి పట్టే డాక్టరు కాకుండా ఫొటోలు చూసే డాక్టరు అయ్యాడేమిటని తల్లి పోయేదాకా బాధపడుతూనే ఉంది. అసలు సంగతి ఆయన ఆమెకు చెప్పలేదు. ఆయనకు మనుషులంటే భయం. రోగి ఎదురుగా కూచుని ‘నాకేం కాదు కదండీ?’ అని అడిగితే చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఎముకలతో ఆ బాధ లేదు. అవి ఏమీ అడగవు.

అలా ఎవరికీ తెలియని డాక్టరుగా మిగిలిపోయాడు. రెండూళ్ళ బస్టాండుల్లోనూ ఆయన్ని గుర్తుపట్టి దణ్ణం పెట్టే మనిషి లేడు. అందుకు మొదట్లో కాస్త నొచ్చుకున్నాడు. తరవాత అదీ లేదు. ఇప్పుడు మిగిలిందల్లా అలసట. ఎంత నిద్రపోయినా లేచేసరికి మంచం పక్కనే కూచుని ఉండే అలసట.

అది తొంభై ఐదో సంవత్సరం, దీపావళి మర్నాడు. పొద్దున్నే సూర్యగ్రహణం. ఆండాళమ్మ ఆవకాయ జాడీల మీద దర్భలు వేసి, విడుపు స్నానం చేసేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వలేదు. స్నానం అయ్యాక వంటకు ఆగే తీరిక ఆయనకు లేదు. ఖాళీ కడుపుతోనే వచ్చి కూచున్నాడు. పండక్కి ఆగిపోయిన ఫిల్ములన్నీ ఇవాళ ఒక్కసారిగా మీద పడ్డాయి.

పదిహేనో ఫిల్ములో మెడ పక్కన సన్నటి గీతలా ఏదో నీడ.

“ఇశ్రాయేలూ!” అని కేకేశాడు.

చీకటి గదిలోంచి ఇశ్రాయేలు కళ్ళు చిట్లించుకుంటూ వచ్చాడు. ఎక్స్‌రే తీసేదీ, కడిగేదీ, ఆరేసేదీ అన్నీ అతనే. పదిహేనేళ్ళుగా మందునీళ్ళలో నాని గోళ్ళు కాఫీరంగుకు తిరిగాయి.

“మళ్ళీ జడ వదిలేశావు, చూడు.”

ఇశ్రాయేలు వంగి చూశాడు. “జడ కాదండీ. తాయెత్తు తాడు. తియ్యమంటే ఆ ముసలామె తియ్యనే తియ్యనందండీ.”

“ఏదో ఒకటి. శనివారం కూడా ఒకటి వదిలేశావు. వీరులపాడు ఆవిడది. కుడిపక్క పైన ఇంత జడ పడింది. పండగ ముందు మళ్ళీ ఏం తీయిస్తాంలే అని నేనే నార్మల్ రాసి పంపించేశా.”

ఆడవాళ్ళ ఛాతీ ఫిల్ముల్లో ఇది మామూలే. జడ ముందుకు జారి భుజం మీద పడితే, ఊపిరితిత్తి పై భాగంలో తెల్లటి నీడగా కనిపిస్తుంది. అందుకే జడ పైకి కట్టుకోమని చెప్పి మరీ తీస్తారు. ఆ విషయంలో ఇశ్రాయేలుకు పట్టింపు ఎక్కువ. అతని మొహం చిన్నబోయింది.

“వీరులపాడా? ఉద్యోగం సర్టిఫికెట్టు కోసం వచ్చిన పంతులమ్మా అండి?”

“అవును, ఆవిడే. భారతీదేవి అని రాసుంది.”

“ఆమెకి జడెక్కడుందండీ?”

దశరథరామయ్య కలం ఆగింది.

“ఉద్యోగమొస్తే తలనీలాలిస్తానని మొక్కుకుందంటండీ. తిరపతెళ్ళి గుండు చేయించుకొచ్చింది. జుట్టింకా చెవుల దాకా కూడా రాలా. నేను అలవాటు కొద్దీ జడ పైకి కట్టుకోమ్మా అంటే, ముసుగు తీసి చూపించి నవ్విందండీ పాపం.”

దశరథరామయ్య కలం కింద పెట్టేశాడు. జడ లేదు. జడ లేకపోతే ఆ నీడ జడది కాదు. అక్కడ, మెడ ఎముక కింద, అలాంటి తెల్లటి నీడకు పదిలో తొమ్మిదిసార్లు ఒకటే అర్థం. క్షయ. తను నార్మల్ అని రాసిచ్చాడు కాబట్టి ఆ పిల్ల ఇక దగ్గు వచ్చినా జ్వరం వచ్చినా ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళదు. వెళ్ళినా నార్మల్ కాగితం చూపిస్తుంది. బడిలో నలభైమంది పిల్లల మధ్య కూచుని పాఠాలు చెబుతుంది. ఊపిరితిత్తి లోపల్లోపలే కరిగిపోతుంది.

మళ్ళీ ఒకసారి చూద్దామంటే ఫిల్ము తన దగ్గర లేదు. ఉండేది ఒక్కటే ఫిల్ము, అది రోగి వెంటే వెళ్ళిపోతుంది. శనివారం నలభై మూడు ఫిల్ములు చూశాడు. ఒక్కసారి పరదా పక్కకు జరిపి బెంచీ వైపు చూసి ఉంటే సరిపోయేది. నాలుగడుగుల దూరం. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

“ఎక్కడికండీ?” అన్నాడు ఇశ్రాయేలు, ఆయన చెప్పులు వేసుకోవడం చూసి.

“వీరులపాడు. పన్నెండింటికి బస్సుందిగా.”

“మీరెందుకండీ! కండక్టరు చేత కబురంపితే రేపు వాళ్ళే వస్తారు. బయట ఇంకా తొమ్మిదిమందున్నారు.”

“నార్మలని నేనే రాశానయ్యా. ఇప్పుడు కబురంపితే డబ్బుల కోసం పిలుస్తున్నాననుకుంటారు. వీళ్ళ ఫిల్ములు తీసి ఉంచు. వచ్చి చూస్తా.”

పదిహేడేళ్ళలో పని మధ్యలో లేచి వెళ్ళడం అదే మొదటిసారి.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. రోడ్డు పక్క ఊళ్ళలో ఇళ్ళ ముందు టపాకాయల కాగితాలు ఇంకా ఊడ్వలేదు. చేలల్లో పత్తి తీస్తున్నారు. ఆయన దేన్నీ చూడలేదు. వెళ్ళి ఏం చెప్పాలో ఒక వాక్యం కూర్చుకుంటున్నాడు. ‘చిన్న అనుమానం వచ్చిందమ్మా’ అనుకున్నాడు. ‘మెషీన్ సరిగా పనిచెయ్యలేదమ్మా’ అని కూడా అనుకున్నాడు. మెషీన్ పాపం నోరు లేనిది, తప్పు దాని మీదికి నెట్టినా కాదనదు. వీరులపాడు వచ్చేసరికి ఏ వాక్యమూ కుదరలేదు. చొక్కా మాత్రం చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది.

ఉద్యోగమొచ్చిన పంతులమ్మ ఇల్లెక్కడంటే అందరికీ తెలుసు. చిన్న పెంకుటిల్లు. గ్రహణం విడిచాక కడిగిన వసారా ఇంకా తడిగానే ఉంది. ఓ పదిహేనుమంది పిల్లలు ట్యూషన్ పుస్తకాలు ముందేసుకుని కూచున్నారు. వాళ్ళ మధ్య ఒక అమ్మాయి. ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. జుట్టు మగపిల్లాడి క్రాపులా ఉంది. చెంపలు లోపలికి పోయాయి. ఆయన్ని చూసి లేచి నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆమెను చూడగానే ఆయనకు సగం తెలిసిపోయింది. ఈ మొహాన్ని శనివారం చూసి ఉంటే ఫిల్ము రెండోసారి పెట్టి చూసేవాడు.

“నందిగామ ఎక్స్‌రే డాక్టరునమ్మా. శనివారం నీ ఫిల్ము చూసింది నేనే. అది మళ్ళీ ఒకసారి చూడాలి. ఉందా?”

భారతీదేవి గతుక్కుమంది. “అయ్యో, కోసేశానండీ.”

“కోసేశావా?”

“నార్మలన్నారు కదా, ఇంక దాంతో పనేముంటుందిలే అని. పొద్దున పిల్లలకి గ్రహణం చూపించడానికి పదహారు ముక్కలు చేసి పంచేశా.”

తిలాపాపం తలా పిడికెడన్నట్టు, ఆయన తప్పు పదహారు ముక్కలై ఊరి పిల్లల చేతుల్లోకి పోయింది. ఆయనకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. వసారా గట్టు మీద కూలబడ్డాడు. లోపలి నుంచి ఆ అమ్మాయి తల్లి వెంకాయమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది. పొద్దుటి నుంచి ఆయన నోట్లోకి వెళ్ళింది అదే.

పిల్లలు జేబుల్లోంచీ పుస్తకాల మధ్యలోంచీ ముక్కలు తీసిచ్చారు. కొందరు ఇళ్ళకు పరిగెత్తి తెచ్చారు. ఇంటి కప్పులో ఒకచోట వెలుతురు కోసం గాజు పెంకు వేసి ఉంది. ఆయన దాని కింద నిలబడి ఒక్కొక్క ముక్కా ఎత్తి పట్టి చూశాడు. ఒక ముక్కలో రెండు పక్కటెముకలు. ఒకదాంట్లో సగం గుండె, మిగతా సగం వేరే పిల్లాడి ముక్కలో. ఎడమ భుజం దొరికింది. పదిహేను ముక్కలు వచ్చాయి. పై వరసలో కుడి భుజం పక్కన ఉండాల్సిన ముక్క రాలేదు.

గుమ్మం పక్కన ఒక ఎనిమిదేళ్ళ పిల్ల గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది. “ఇది మనోజ్ఞండీ. నీ ముక్కేదే?” అంది భారతీదేవి.

“పారేశా టీచర్. బాలేదని చెప్పాగా.”

“ఎందుకు బాలేదమ్మా?” అని దశరథరామయ్య అడిగాడు.

“అందరియ్యీ నల్లగా ఉన్నయ్యి. నాదాంట్లో మధ్యలో తెల్లమచ్చుంది. చూస్తే కళ్ళు జిగేల్మన్నయ్యి. అందుకని టీచర్ ముక్కలోంచి చూశా.”

ఇక ఆయన ఆ ముక్క చూడనక్కర్లేదు. గాలితో నిండిన ఊపిరితిత్తి ఫిల్ములో నల్లగా ఉండాలి. నల్లగా ఉంటేనే అందులోంచి సూర్యుడు మెత్తగా కనిపిస్తాడు. తాను నిమిషంన్నరలో చూడలేనిదాన్ని రెండో తరగతి పిల్ల ఒక్క చూపులో చూసి, బాలేదని అవతల పారేసింది.

“ఇప్పుడు కళ్ళేమన్నా మండుతున్నాయా తల్లీ?”

“లేదు.”

“ఇంకెప్పుడూ వీటితో సూర్యుణ్ణి చూడనివ్వకమ్మా” అని భారతీదేవికి చెప్పాడు. ఆ పిల్ల అప్పటికే గోడ పక్క కాలవలోంచి ముక్క వెతికి తెచ్చింది. ఆయన దాన్ని చెంబు నీళ్ళతో కడిగి, గాజు పెంకు కిందికి తీసుకెళ్ళి పట్టుకున్నాడు. మెడ ఎముక కింద రూపాయి బిళ్ళంత తెల్లటి మసక. దాని నడుమ చిన్న నల్లటి గుంట. ఏ జడ నీడా అలా ఉండదు. ఉండదని ఆయనకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు.

పిల్లల్ని పంపించేయమన్నాడు. వాళ్ళు వెళ్ళాక, బస్సులో కూర్చుకున్న వాక్యాలేవీ గుర్తురాలేదు.

“నేను తప్పు రాశానమ్మా. నీకు ఊపిరితిత్తిలో క్షయ మొదలైంది. మచ్చ కనపడుతూనే ఉంది. నేనే జడ నీడ అనుకున్నా.”

వెంకాయమ్మ చేతిలో చెంబు ఠప్పున కింద పెట్టింది. “నార్మలని మీరే రాసిచ్చారుగా! ఆ కాగితం చూసేగా ఊరంతా చెప్పుకున్నాం! మొగుడు పోయినప్పటి నుంచీ పత్తి తీసి దాన్ని చదివించా. ఇప్పుడొచ్చి కాదంటే, ఉద్యోగం పోతే, దానికి దిక్కెవరండీ?”

“నార్మలని రాసింది నేనే అమ్మా. అది తప్పు.”

ఆయన తల దించలేదు. ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూ ఒక మాట చెప్పి, ఆ మాట ఆ మొహం మీద ఏం చేస్తుందో చివరిదాకా చూడటం ఆయనకు కొత్త. చాలా కష్టంగా ఉంది. అయినా చూశాడు.

భారతీదేవే ముందు తేరుకుంది. “తగ్గుద్దా అండీ?”

“తగ్గుతుంది. ఆర్నెల్లు మందులు మానకుండా మింగాలి. ఒంట్లో బాగైపోయిందని మధ్యలో ఆపకూడదు. రేపు పొద్దున్నే నందిగామ రా. ఇంకో ఫిల్ము తీసి, కళ్ళె పరీక్ష చేయిద్దాం. అందాకా ట్యూషను వద్దు. దగ్గుతున్న పిల్లలెవరన్నా ఉంటే వాళ్ళని కూడా పంపించు.”

“జాయినవ్వడానికి నెల రోజులు టైముందండీ.”

“మందులు పడితే కొన్ని వారాల్లోనే ఇంకొకళ్ళకి అంటే భయం తగ్గిపోతుంది. అప్పటికీ కుదరకపోతే గడువు పొడిగించమని నేనే అడుగుతా. ఆఫీసు చుట్టూ నేనే తిరుగుతా.”

ఆమె నోటుపుస్తకంలోంచి ఒక కాగితం అడిగి తీసుకుని, మోకాలి మీద పెట్టుకుని ఉత్తరం రాశాడు. శనివారం తానిచ్చిన రిపోర్టు తప్పనీ, దాన్ని పరిగణించవద్దనీ, మచ్చ ఎక్కడ ఎంత ఉందో వివరంగానూ రాసి, కింద ఈసారి పేరు పూర్తిగా, అక్షరం అక్షరం చదవగలిగేలా రాశాడు. భారతీదేవి చదివింది.

“ఇట్లా రాసిస్తే మీకేమన్నా ఇబ్బందేమో అండీ?”

“ఏమైనా కానీలేమ్మా.”

మూడింటి బస్సుకు లేచాడు. వెంకాయమ్మ అప్పటిదాకా గోడకు ఆనుకుని, మొహం తిప్పుకుని కూచుంది. ఆయన గుమ్మం దిగాక లోపలికి వెళ్ళి, నీలిగళ్ళ తువ్వాలులో ఏవో మూటగట్టుకుని వెనకాలే వచ్చింది.

“సీతాఫలాలు. పచ్చియ్యే. రెండ్రోజులు ఆగి తినండి.” ఆమె కోపం ఇంకా పూర్తిగా పోలేదు. “నా కూతురి మచ్చ చెప్పడానికి ఎండన పడి వచ్చారు. ఉత్త చేతుల్తో ఎట్లా పంపిస్తా?”

దశరథరామయ్య ఆ మూటను రెండు చేతులతో అందుకున్నాడు. తలూపాడు. బస్సులో దాన్ని పక్కన పెట్టలేదు, దిగేదాకా ఒళ్ళోనే ఉంచుకున్నాడు.

నందిగామ చేరేసరికి నాలుగున్నర. తొమ్మిదిమందీ విసుక్కుంటూ బెంచీ మీదే ఉన్నారు. ఆయన మూటను బల్ల మీద ఒక చివర పెట్టి, నెమ్మదిగా కూచున్నాడు. మొహం పాలిపోయి ఉంది.

“ఇశ్రాయేలూ, పరదా పక్కకి లాగెయ్యి. ఒక్కొక్కళ్ళనే లోపలికి పంపించు. ముందు మనిషిని చూస్తా, తరవాత ఫిల్ము చూస్తా.”

“ఇట్లాగైతే ఎప్పటికవుద్దండీ?” అన్నాడు ఇశ్రాయేలు. అయినా పరదా లాగేశాడు.

తాయెత్తు ముసలామె వచ్చింది. గరికపాడు దగ్గర లారీలకు బరువులెత్తే సాంబయ్య, చెయ్యి గుడ్డతో మెళ్ళోకి కట్టుకుని వచ్చాడు. దశరథరామయ్య ఒక్కొక్కరినీ కూచోబెట్టి, ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళ నుంచి, ఏం పని చేస్తావని అడిగాడు. అడగడం చేతకాక మధ్యమధ్య తడబడ్డాడు. సాంబయ్య ఫిల్ము వైపు చూడకుండా ఆయన మొహంలోకే చూస్తూ, “నాకేం కాదు కదండీ?” అన్నాడు.

“ఏం కాదు. అతుక్కుంటోంది. ఇంకో నెల బరువెత్తకు.”

సాంబయ్య ఎడమచేత్తోనే దణ్ణం పెట్టి వెళ్ళాడు.

చివరి రిపోర్టు మీద సంతకం అయ్యేసరికి ఆరు దాటింది. “ఆరున్నర బస్సుకి వెళ్తాలే. అందాకా కాస్త తల వాలుస్తా” అన్నాడు. ఇశ్రాయేలు చీకటి గదిలోకి వెళ్ళి తొట్లు కడిగి, మందునీళ్ళు మూతపెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన బల్ల మీద తల పెట్టుకుని ఉన్నాడు. కళ్ళజోడు నుదుటి మీదే ఉంది.

“డాక్టరుగారండీ, బస్సు టైమైంది.”

మూడుసార్లు పిలిచాడు. నాలుగోసారి పిలవకుండా దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుని చూశాడు. తరవాత అక్కడే నేల మీద కూచుండిపోయాడు.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే వెంకాయమ్మా భారతీదేవీ వచ్చారు. షట్టరు సగమే ఎత్తి ఉంది. వీరులపాడు వాళ్ళు వస్తారని ఆయన చెప్పాడు కాబట్టి, రాత్రంతా జగ్గయ్యపేటలో ఆయన ఇంటి దగ్గరే ఉండి వచ్చిన ఇశ్రాయేలు వాళ్ళ కోసమే తెరిచాడు. ముందు ఏమీ చెప్పలేదు. అమ్మాయిని మెషీన్ ముందు నిలబెట్టి, ఊపిరి బిగబట్టమని, ఫిల్ము తీశాడు. కడిగాడు. హ్యాంగరుకు తగిలించాడు. నీళ్ళు కారుతుంటే దాని ముందు ఊరికే నిలబడ్డాడు.

“డాక్టరుగారు ఇంకా రాలేదా అండీ?” అంది భారతీదేవి.

అప్పుడు చెప్పాడు. చెప్పి, “ఈ ఫిల్మూ, ఆయన రాసిచ్చిన లెటరూ తీసుకుని బెజవాడ వెళ్దాం. నేనూ వస్తానమ్మా. లెటర్లో అంతా రాసే ఉంది” అన్నాడు.

భారతీదేవి ఉత్తరం ఉన్న సంచిని గుండెలకు హత్తుకుంది. పరదా లాగేసే ఉంది కాబట్టి, బెంచీ మీద కూచున్న చోటు నుంచే వెంకాయమ్మకు లోపలి గది కనిపిస్తోంది. ఖాళీ కుర్చీ ముందు, బల్ల చివర, నీలిగళ్ళ తువ్వాలు మూట ఆమె వేసిన ముడి వేసినట్టే ఉంది.